చలికాలంలో తెల్లవారుజామున టైరు దీపం వెలుగుతోంది: గాలి ఎంత పెట్టించాలి?

ప్రశ్న: అనంత ప్రయాణికుడు (అనంతపురం)

అందరికీ నమస్కారం. పనిమీద నెలకు రెండు మూడు సార్లు అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లి వస్తుంటాను. కారు కొని మూడేళ్లయింది. టైర్లు కారుతో పాటు వచ్చినవే, ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగాయి. డ్రైవరు వైపు తలుపు తీస్తే లోపల అంటించిన చీటీలో నాలుగు టైర్లకూ 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అనీ, అయిదుగురు మనుషులూ సామానూ ఉంటే వెనక టైర్లకు 36 అనీ రాసి ఉంది. ఇన్నాళ్లూ ఆ 33నే పట్టుకుని గాలి పెట్టిస్తూ వచ్చాను.

పోయిన వారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాను. బయట 16 డిగ్రీలు. రాప్తాడు దాటకముందే టైరు గాలి తగ్గిందని పసుపు దీపం వెలిగింది. తెరమీద చూస్తే ముందు టైర్లు రెండూ 28, వెనక కుడివైపుది 27, వెనక ఎడమవైపుది 24 చూపిస్తున్నాయి. మరూరు టోల్‌ప్లాజా దగ్గర పక్కకు ఆపి, దిగి, సెల్‌ఫోను వెలుతురులో నాలుగింటినీ చూశాను. కంటికి ఏ తేడా కనిపించలేదు. నిదానంగా నడుపుకుంటూ పోతే పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి అంకెలు 31, 31, 30, 27 అయ్యాయి, దీపం ఆరిపోయింది. మరునాడు మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు అసలు వెలగనేలేదు. ఇంటికి వచ్చాక, ఆ తరువాతి తెల్లవారుజామున మళ్లీ వెలిగింది.

ముగ్గురిని అడిగితే మూడు సమాధానాలు వచ్చాయి. మా వీధి చివర పంక్చర్ షాపాయన, "సలికాలంలో గాలి కుంగుతాది సార్, నలభై పెడ్తా, మళ్ల మార్చి దాకా సూసుకునే పనుండదు" అన్నాడు. నాతో పనిచేసే మిత్రుడు, చలికి రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది కాబట్టి 28కి దించాలనీ, అప్పుడు టైరు నేలకు ఎక్కువగా ఆనుతుందనీ చెప్పాడు. అమెరికాలో ఉండే మా బావమరిది, అక్కడ చలికాలం వస్తే చీటీలోని అంకెకు మూడు నుంచి అయిదు కలిపి పెట్టిస్తారని ఫోనులో చెప్పాడు. ఒకరు పెంచమంటే ఒకరు తగ్గించమంటున్నారు. మన అనంతపురం చలి అమెరికా చలి కాదని నాకూ తెలుసు, అయినా దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

చివరిసారి గాలి పెట్టించింది అక్టోబరు నెలాఖరులో. గుంతకల్లు నుంచి వస్తూ మధ్యాహ్నం రెండింటికి దారిలోని బంకులో 33 పెట్టించాను. ఈ సంగతి పనికొస్తుందేమోనని చెబుతున్నాను. తెలిసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

సమాధానం: కొండారెడ్డి బురుజు నీడ (కర్నూలు)

అనంత ప్రయాణికుడు గారూ, మీ ప్రశ్నలో చివర చెప్పిన గుంతకల్లు సంగతిలోనే సగం సమాధానం ఉంది. నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రతి ఏడూ డిసెంబరులో ఎవరో ఒకరు ఇదే సందేహంతో వచ్చేవారు. కాబట్టి కొంచెం పొడవుగా రాస్తే విసుక్కోకండి.

చీటీలో రాసిన 33 అనే అంకె ఎండాకాలానికి వేరుగా, చలికాలానికి వేరుగా ఉండదు. అది చల్లని టైరుకు చెప్పిన అంకె. చల్లని టైరు అంటే మంచులో పెట్టిన టైరని కాదు, కనీసం మూడు గంటలు నీడలో కదలకుండా నిలబడిన బండి టైరు, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడవని బండి టైరు. ఆ రోజు, ఆ ఊరిలో గాలి ఎంత చల్లగా ఉంటే టైరూ అంతే చల్లగా ఉండాలి, అప్పుడు చూస్తే 33 ఉండాలి. మే నెలలో అయినా జనవరిలో అయినా ఇదే లెక్క. కాలాన్ని బట్టి మారేది టైరులో ఉన్న గాలి ఒత్తిడే గాని కారు తయారుచేసినవారు అడిగే అంకె కాదు.

ఇప్పుడు మీరు అక్టోబరులో చేసినదేమిటో చూద్దాం. గుంతకల్లు నుంచి మధ్యాహ్నపు ఎండలో నడిచి వచ్చిన టైరు లోపలి గాలి 45 డిగ్రీలైనా ఉండి ఉంటుంది. ఆ వేడి టైరులో మీటరు 33 చూపించేదాకా గాలి పెట్టారు. మీటరు చూపించేది బయటి వాతావరణం కంటే ఎంత ఎక్కువ ఉందో అంత మాత్రమే కాబట్టి, లెక్క చేసేటప్పుడు దానికి వాతావరణ పీడనం 14.7 కలపాలి. మొత్తం 47.7 అవుతుంది. ఘనపరిమాణం మారని గాలి ఒత్తిడి దాని ఉష్ణోగ్రతతో పాటు పెరిగి తరుగుతుందని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్నాం. అయితే ఆ ఉష్ణోగ్రత కెల్విన్లలో ఉండాలి, అంటే 45కి 273 కలిపి 318, మీ తెల్లవారుజాము 16కి 273 కలిపి 289. 47.7ను 289తో హెచ్చవేసి 318తో భాగిస్తే 43.3 వస్తుంది, అందులోంచి 14.7 తీసివేస్తే 28.6. ఎక్కడా చిల్లు లేని టైరు కూడా రబ్బరు గుండా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ గాలిని పోగొట్టుకుంటుంది. ఆ ఏడు వారాల తరుగు ఒక్కటి వేసుకున్నా 27, 28 దగ్గర తేలుతుంది. మీ మూడు టైర్లూ చూపించినది అదే. వాటికి ఏ జబ్బూ లేదు.

ఈ హెచ్చవేతలన్నీ గుర్తుంచుకోనక్కరలేదు. బయటి ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గితే టైరులో ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది, అంత పెరిగితే ఒకటి పెరుగుతుంది అనుకుంటే కారుకు సరిపోతుంది. మన రాయలసీమలో డిసెంబరులో తెల్లవారుజామున 16, మధ్యాహ్నం 30 ఉండటం మామూలే. ఒకే రోజులో రెండున్నర పాయింట్ల (పీఎస్‌ఐల) తేడా ఆకాశమే తెచ్చిపెడుతుంది. దానికి నడకలో పుట్టే వేడి కలిస్తే మరో మూడు నాలుగు. పెనుకొండ దగ్గర మీ అంకెలు పెరిగి దీపం ఆరిపోవడానికి కారణం ఇదే. దీపం ఆరింది కదా అని గాలి సరిపోయిందనుకోకూడదు. అక్కడ మీరు చూసిన 31, వేడెక్కిన 28 మాత్రమే.

అయితే ఆ దీపం ఎందుకు వెలిగిందన్నది వేరే సంగతి. చాలా కార్లలో చీటీలోని అంకెకంటే నాలుగో వంతు దాకా తగ్గితేగాని అది వెలగదు. అమెరికాలో 2007 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన నిబంధన కూడా ఆ 25 శాతాన్నే పెట్టుకుంది. 33లో నాలుగో వంతు పోతే దాదాపు 25. మీ వెనక ఎడమ టైరు 24 దగ్గర ఉంది కాబట్టి వెలిగింది. అంటే దీపాన్ని వెలిగించింది చలి ఒక్కటే కాదు, ఆ ఒక్క టైరు. చలి నాలుగు టైర్లనూ సమానంగా దించుతుంది. తక్కిన మూడింటికంటే మూడు నాలుగు పాయింట్లు కిందకు పోయిన టైరుకు సన్నని కారుడు ఉందని అర్థం. అది మేకు కావచ్చు, వాల్వు కావచ్చు, రిమ్ము అంచు కావచ్చు. పంక్చర్ షాపులో చక్రం విప్పించి నీళ్ల తొట్టిలో ముంచి చూపించమనండి. అక్టోబరు ఎండలో ఇదే టైరు 29 చూపించి ఉంటే మీకు అనుమానమే వచ్చేది కాదు. చలి దాన్ని బయటపెట్టింది.

ఇక మీకు వచ్చిన మూడు సలహాలు. నలభై పెట్టి మార్చి దాకా చూడక్కరలేదన్న మాటలో రెండు తప్పులున్నాయి. చల్లని టైరులో 40 పెడితే మధ్యాహ్నం దారిలో 46 దాకా పోతుంది. టైరు నడుము ఉబ్బి మధ్య గాడులు మాత్రమే నేలకు తగులుతాయి, అవే త్వరగా అరుగుతాయి, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది. టైరు పక్కభాగం మీద 44 అనో 51 అనో అచ్చు వేసి ఉంటుంది. అది ఆ టైరు తట్టుకోగలిగిన గరిష్ఠం, మీ కారుకు కావలసిన అంకె కాదు. చాలామంది దాన్ని చూసి పెట్టిస్తుంటారు. ఇక నాలుగు నెలలు చూడకుండా ఉండటం 40 పెట్టినా తప్పే, 33 పెట్టినా తప్పే.

మీ మిత్రుడు చెప్పిన 28 అంతకంటే ప్రమాదం. గాలి తగ్గిస్తే టైరు నేలకు ఎక్కువగా ఆనే మాట నిజమే గాని, ఆ ఆనిక అంచులమీద పడుతుంది, మధ్య భాగం లోపలికి కుంగి నీటిని బయటకు నెట్టలేకపోతుంది. విమానాల టైర్ల మీద నాసావారు 1960లలో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన ఒక సూత్రం ఉంది: నీటి పొర మీద టైరు తేలిపోయే వేగం దానిలోని ఒత్తిడి వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. ఆ సూత్రం ప్రకారం 33 ఉన్న టైరు గంటకు 96 కిలోమీటర్ల దగ్గర తేలితే, 24 ఉన్న టైరు 82 దగ్గరే తేలుతుంది. కారు టైర్ల గాడులను బట్టి, ఆకారాన్ని బట్టి అంకెలు మారుతాయిగాని వాటి పోకడ మారదు. మనకు, ముఖ్యంగా కడప వైపు, ఈశాన్య రుతుపవనాల వానలు నవంబరు, డిసెంబరుల్లోనే పడతాయని మరచిపోకూడదు. చలికాలం, తడి రోడ్డు మనకు ఒకేసారి వస్తాయి.

అమెరికా సలహా అర్థం లేనిది కాదు, అయితే అది అక్కడి ఇళ్లకు పుట్టిన సలహా. అక్కడ చాలామంది కార్లను మూసిన గరాజులో పెడతారు. లోపల 20 డిగ్రీలుంటే బయట సున్నాకు కింద 10 ఉంటుంది. గరాజులో 33 పెట్టి బయటికి తెస్తే కాసేపటికి అది 28 అవుతుంది. ఆ అయిదూ ముందే కలిపి పెట్టడమే మీ బావమరిది గారు చెప్పిన మూడు నుంచి అయిదు. ఆరుబయట వేపచెట్టు కింద కారు నిలిపే మనకు ఆ కలపడం అక్కరలేదు, తెల్లవారుజామున అక్కడికక్కడే చూసి 33 పెడితే చాలు. ఒకటో రెండో ఎక్కువైనా నష్టం లేదు. నేను కూడా జాతీయ రహదారి మీద దూర ప్రయాణానికి ముందు 34 పెడతాను.

మీరు అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. తెల్లవారుజామున ఇంటి దగ్గర గాలి యంత్రం ఉండదు, బంకుకు వెళ్లేసరికి టైరు వేడెక్కుతుంది, మరి చల్లని అంకె ఎలా పెట్టడం? దీనికి టైరు గాలి కొలిచే, జేబులో పట్టే చిన్న గేజీ ఒకటి కొనుక్కోండి. ఉదయం కారు కదలకముందు నాలుగు టైర్లూ చూసి, ఏది ఎంత తక్కువుందో కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు 28 ఉంటే అయిదు తక్కువ. బంకుకు వెళ్లాక అదే గేజీతో మళ్లీ చూడండి, 30 చూపించవచ్చు. ఆ 30కి అయిదు కలిపి 35 పెట్టించండి. మరునాడు ఉదయం చూస్తే 33 దగ్గర ఉంటుంది. బంకు యంత్రానికీ మీ గేజీకీ తేడా ఉంటే మీ గేజీనే నమ్మండి, ఎందుకంటే దానిలో తప్పున్నా అది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కొన్ని యంత్రాలు ఒత్తిడిని బార్ అనే మరో కొలతలో చూపిస్తాయి, 2.3 బార్ అంటే 33 పీఎస్‌ఐకి కొంచెం పైన.

ఏప్రిల్ వచ్చాక ఇదే పని తిరగేసి చేయాలి. ఇప్పుడు 16 డిగ్రీల్లో పెట్టిన 33, కారుడు లేకపోతే, 28 డిగ్రీల వేసవి తెల్లవారుజామున 35 అవుతుంది. దాన్ని ఉదయం చల్లగా ఉన్నప్పుడే దించాలి.

సమాధానం: రాళ్ల లారీ (తాడిపత్రి)

పెద్దాయన రాసినదానికి నేను కాదనేదేమీ లేదు. మాకు రెండు లారీలున్నాయి, బండలు వేసుకుని బెంగళూరు, చెన్నై పోతుంటాయి. కార్ల అంకెలకు లారీల అంకెలతో పొత్తు లేదు, మావి నూరు దాటి ఉంటాయి, బరువును బట్టి మారతాయి. కాని చలికాలంలో మా డ్రైవర్లు చేసే పొరపాటు కార్లవాళ్లూ చేస్తున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఎండాకాలంలో టైరు పేలుతుంది, చలికాలంలో పేలదు అని ఒక నమ్మకం ఉంది. గాలి తక్కువున్న టైరు తిరిగే ప్రతి చుట్టుకూ దాని పక్కభాగం మడతపడి లేస్తుంది, ఆ మడతలోనే వేడి పుడుతుంది. బయట చలి ఉన్నా లోపల రబ్బరు ఉడుకుతూనే ఉంటుంది. రెండేళ్ల కిందట జనవరి రాత్రి గుత్తి దాటాక మా లారీ వెనక జంట టైర్లలో లోపలిది పేలింది. విప్పి చూస్తే తప్పు దానిది కాదు. పక్కనున్న బయటి టైరులో గాలి బాగా తక్కువగా ఉండి, బరువంతా లోపలి దానిమీద పడి, వంద కిలోమీటర్లు అదొక్కటే మోసింది. ఆ సాయంత్రం బయలుదేరేముందు క్లీనరు రాడ్డుతో నాలుగు దెబ్బలు వేసి చప్పుడు విని బాగుందన్నాడు. చప్పుడును బట్టి పూర్తిగా దిగిపోయిన టైరు తెలుస్తుందేమోగాని, 110కీ 85కీ తేడా ఎవరి చెవికీ తెలియదు. అప్పటినుంచి మా బండ్లలో మీటరు పెట్టి చూడనిది బండి కదలదు.

ఇంకొక మాట. పగటిపూట దారిలో వేడి టైరులో అంకె పెద్దదిగా కనిపించిందని గాలి తీయించకూడదు. పెరగడం దాని సహజం, తయారుచేసినవాళ్లు ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే చల్లని అంకె ఇచ్చారు. మధ్యాహ్నం ధాబా దగ్గర తీయించి, రాత్రి చలిలో ఆపి, తెల్లవారి బయలుదేరితే మీ పసుపు దీపం కథే మళ్లీ మొదలవుతుంది. మీ స్టెప్నీని కూడా చూడండి అన్నా. అవసరం వచ్చిన రోజున దానిలోనే గాలి ఉండదు.

సమాధానం: మాజీ జవాను (కడప)

తక్కువ గాలి ఎక్కువ పట్టు అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే మేము ఆ పని చేశాము. సైన్యంలో డ్రైవరుగా రాజస్థాన్ ఎడారిలోనూ లడఖ్‌లోనూ బండ్లు నడిపాను. మెత్తని ఇసుకలో టైరు గాలి సగానికి దించితే అది చదునుగా పరుచుకుని ఇసుకమీద తేలుతుంది, కూరుకుపోదు. లోతైన మెత్తని మంచులోనూ కొందరు ఇదే చేస్తారు. అయితే అది నడక వేగంతో, ఒక చోటు దాటడానికి చేసే పని. గట్టి రోడ్డు ఎక్కగానే ముందు చేసే పని మళ్లీ గాలి నింపడం. గట్టిపడిన మంచు మీద, నున్నని మంచుగడ్డ మీద గాలి తగ్గించి లాభం లేదు, అక్కడ చక్రాలకు గొలుసులు కట్టేవాళ్లం. ఆ ఇసుక సలహాను నాలుగు వరుసల తారు రోడ్డు మీదికి తెచ్చినవాడు ఇసుకను చూడలేదని నా అభిప్రాయం.

రబ్బరు గట్టిపడుతుందన్నది మాత్రం నిజం. మామూలు టైరు రబ్బరు దాదాపు 7 డిగ్రీలకు కింద బిరుసెక్కి పట్టు తప్పుతుంది, అందుకే చలి దేశాల్లో చలికాలపు టైర్లని వేరే రకం వాడతారు. వాటి పక్కభాగం మీద మూడు శిఖరాల కొండ, దానిలో మంచు పువ్వు గుర్తు ఉంటుంది. దానికి మందు వేరే రబ్బరు, గాలి తగ్గించడం కాదు. మన జిల్లాల్లో ఆ 7 డిగ్రీల సంగతే రాదు, కాబట్టి ఆ టైర్ల కోసం ఎవరూ డబ్బు తగలేయనక్కరలేదు.

పెద్దాయన లెక్కలో రాని ఒక విషయం కలుపుతాను. మీటరు బయటి వాతావరణంతో పోల్చి చూపిస్తుందని ఆయనే చెప్పారు. ఎత్తుకు పోయేకొద్దీ బయటి వాతావరణం పలచబడుతుంది, కాబట్టి మీటరు ఎక్కువ చూపిస్తుంది. మొదటిసారి లేహ్ చేరినప్పుడు నేను ఇది చూసి ఆశ్చర్యపోయాను. మైదానంలో 30 డిగ్రీల్లో 33 ఉన్న టైరు, సున్నాకు పది డిగ్రీల కింద 27 కంటే తక్కువ చూపించాలి. కాని 3,500 మీటర్ల ఎత్తులో అదే టైరు 32 దగ్గర చూపిస్తుంది. చలి ఆరు పాయింట్లు తీసుకుంటే ఎత్తు అయిదు తిరిగి ఇచ్చింది.

మనవైపు దీన్ని హార్స్‌లీ హిల్స్‌కు వర్తింపజేయవచ్చు. కడప నుంచి గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటి, మదనపల్లె మీదుగా పోతే కొండపైన 1,250 మీటర్లకు పైగా ఎత్తు. కిందికంటే పైన ఏడెనిమిది డిగ్రీలు తక్కువ ఉంటుంది. చలికి ఒకటిన్నర పాయింటు తగ్గితే ఎత్తుకు దాదాపు అంతే పెరుగుతుంది, అందువల్ల కొండమీద ఏమీ చేయనక్కరలేదు. పైన మీటరు చూసి కంగారుపడి గాలి నింపడమో తీయడమో చేసినవాళ్లు దిగాక మళ్లీ సరిచేసుకోవాలి. డిసెంబరులో ఘాటు దిగేటప్పుడు తెల్లవారుజామున మంచు కమ్మి రోడ్డు చెమ్మగా ఉంటుంది. ఆ మలుపుల్లో ఒక వెనక టైరులో 24, రెండో దానిలో 27 పెట్టుకుని దిగడం మంచిది కాదు. నాలుగింటికీ గాలి సమానంగా ఉండటం, అంకె ఎంతన్నదానికి ఏ మాత్రం తీసిపోని విషయం.

రెండు చక్రాలు (ఆదోని)

ఇక్కడ అందరూ కార్ల గురించే రాస్తున్నారు. నేను రోజూ ఉదయం ఆరింటికి మోటారు సైకిలు మీద పనికి వెళ్తాను. మా బండి పుస్తకంలో ముందు 25, వెనక 29, వెనక మనిషి ఉంటే 33 అని ఉంది. చలికాలంలో ఇదే వర్తిస్తుందా? అలాగే ఒక బంకులో నైట్రోజన్ పెట్టించుకుంటే కాలాన్ని బట్టి మారదని చెబుతున్నారు, డబ్బులు పెట్టవచ్చునా?

సమాధానం: కొండారెడ్డి బురుజు నీడ (కర్నూలు)

వర్తిస్తుంది. పైగా మోటారు సైకిలు టైరులో గాలి పరిమాణం చిన్నది కాబట్టి కాస్త కారినా అంకె త్వరగా పడిపోతుంది, ట్యూబు ఉన్న టైరయితే మరీను. కారుకు పదిహేను రోజులకొకసారి చూస్తే మీరు వారానికొకసారి చూడండి. రెండు చక్రాల మీద వెళ్లేవారికి వెనక టైరు మెత్తబడితే మలుపులో బండి తోక ఆడించినట్టు తెలిసిపోతుంది. ముందు టైరు మెత్తబడితే తెలిసేసరికి ఆలస్యం అవుతుంది, దాన్ని ముందు చూడండి.

నైట్రోజన్ విషయంలో నా మాట సూటిగా చెబుతాను. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. చలికి కుంగడంలో, వేడికి పెరగడంలో ఆ రెండింటికీ చెప్పుకోదగిన తేడా లేదు, నేను పైన వేసిన లెక్క నైట్రోజన్‌కూ అక్షరాలా వర్తిస్తుంది. దానికున్న మేళ్లు రెండే: రబ్బరు గుండా కొంచెం నిదానంగా కారుతుంది, దానిలో తేమ ఉండదు. కంప్రెసరు ట్యాంకు అడుగున చేరిన నీళ్లను రోజూ వదలని షాపులో గాలి పెట్టిస్తే ఆ తేమ టైరులోకి పోతుంది, అది వేడికి ఆవిరై ఒత్తిడిని మరికాస్త పెంచుతుంది, రిమ్మును తుప్పు పట్టిస్తుంది. విమానాలకు నైట్రోజన్ వాడటానికి తేమతో పాటు నిప్పు భయం కూడా కారణం. ఆదోనిలో ఆరింటికి పనికి వెళ్లే బండికి అంత అవసరం లేదు. బంకులో ఉచితంగా పెట్టే గాలిని వారం వారం చూసుకుంటే అదే మేలు. ఒకసారి నైట్రోజన్ పెట్టించినవారు దారిలో మామూలు గాలి కలపకూడదేమోనని తక్కువ గాలితోనే ఇల్లు చేరడం నేను చూశాను. కలిపితే ఏమీ కాదు.

అనంత ప్రయాణికుడు (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేసి, పది రోజులు చూసి రాస్తున్నాను.

గేజీ కొన్నాను. మొదటి రోజు ఉదయం ఆరింటికి, 17 డిగ్రీల్లో, ముందు రెండూ 28, వెనక కుడిది 27న్నర, ఎడమది 23. పెద్దాయన చెప్పిన పద్ధతిలో తక్కువైనది రాసుకుని బంకుకు వెళ్లి అంతే కలిపించాను. మరునాడు ఉదయం మూడు టైర్లు 33 దగ్గర నిలిచాయి, అంటే ఆ పద్ధతి సరిగ్గానే పనిచేసింది. ఎడమ వెనకది మొదటి రోజు 33, నాలుగో రోజుకు 31, ఆరో రోజుకు 30.

అదే పంక్చర్ షాపాయన దగ్గరికి తీసుకువెళ్లాను. నలభై పెట్టమన్నాడన్న మాటేగాని పనిలో నేర్పరి. తొట్టిలో ముంచితే టైరు చుట్టూ ఎక్కడా బుడగ రాలేదు, నాకు నిరాశ కలిగింది. అప్పుడు ఆయన వాల్వు మూత తీసి, నోట్లో వేలు తడుపుకుని వాల్వు మీద పెట్టి, సబ్బు నీళ్లు పోశాడు. అర నిమిషానికొక బుడగ నిదానంగా ఉబ్బింది. వాల్వు లోపలి పుల్ల మార్చి, మొదలు దగ్గర రబ్బరు కూడా చిట్లిందని చూపించి వాల్వు మొత్తం కొత్తది వేశాడు. మన ఎండకు ఆ రబ్బరు మూడేళ్లకే ఇలా అయిందని, తక్కిన మూడూ మార్చుకోమని అన్నాడు. మార్పించాను. స్టెప్నీ చూస్తే 19 ఉంది, తాడిపత్రి అన్నకు ప్రత్యేకంగా నమస్కారం.

నిన్న మళ్లీ నాలుగున్నరకు బయలుదేరాను, బయట 15 డిగ్రీలు. నాలుగూ 33, 33, 33, 32. పెనుకొండ దగ్గర 36, 36, 36, 35. దీపం వెలగలేదు. ఆ చివరి టైరులో ఒక పాయింటు తేడా ఏమిటో వచ్చే ఆదివారం ఉదయం చూస్తాను.